ఐదున్నర గంటలు

రాత్రి పదకొండు దాటింది. ఏటుకూరు రోడ్డులో
కోల్డ్ స్టోరేజీ మేడమీద నా గది.
కింద చలిలో ముడుచుకుని తేజ రకం టిక్కీలు,
పైన నేను, మూడు మిషన్లకు ప్రాణం పోస్తూ.

మిషన్లంటే ఇనుము కాదు,
ఒక పాత డబ్బాలో మూడు ఊహలు.
గేటు దగ్గర టోకెను ఇచ్చేదొకటి,
కాటా లెక్క రాసుకునేదొకటి,
ఎవరికెంత రావాలో పట్టీ కొట్టేదొకటి.

నా కోడులో "చెయ్యి" అన్న మాట ఉండదు.
"ఉండాలి" అని రాస్తాను.
ఈ ఫైలు ఉండాలి. ఈ సర్వీసు లేచి ఉండాలి.
ఆ తలుపు మూసి ఉండాలి.
ఉంటే సరే, లేకపోతేనే చెయ్యి పెట్టు.
అందుకే రెండోసారి నడిపినప్పుడు
మార్పులు సున్నా అని రావాలి.

ఇది కాటా బాజీకి చెబితే చప్పున అందుకున్నాడు.
"దించిన టిక్కీనే మళ్ళీ ఎక్కిస్తే
ముల్లు అక్కడే నిలబడాల. అంతేగా సువార్తమ్మా."
అంకెల కాటా వచ్చి పదిహేనేళ్ళయినా
ఆయనకి అది ముల్లే.

విడివిడిగా అడిగితే మూడూ పచ్చ.
ఎవరింట్లో వాళ్ళు బుద్ధిమంతులే.
కలిపి కూర్చోబెట్టానా, ఎరుపు.
ఈ ఊళ్ళో ఎరుపుంటేనే ధర.
నా తెర మీద మాత్రం
అది తాలు కాయ.

పరీక్ష కోసం నేనే పుట్టించిన రైతు ఒకాయన ఉన్నాడు.
గింజుపల్లి ఏడుకొండలు, నలభై రెండు టిక్కీలు.
పది రాత్రులుగా ఆయన లారీ వస్తోంది,
తూగుతోంది,
పట్టీ దగ్గర ఆగిపోతోంది.
ఎందుకో చెప్పేవాళ్ళు లేరు.
పాపం, అడగడానికి ఆయనకి నోరూ లేదు,
నేను రాయలేదు.

నా లాప్‌టాప్‌లో ఇది ఒక్కసారీ తప్పలేదు.
పాత మిషన్లు మొహమాటానికి పనిచేస్తాయి.
ఎప్పుడో చేత్తో సరిదిద్దినవీ,
రాయడం మరిచిపోయినవీ
అవే గుర్తుపెట్టుకుని మన పరువు కాస్తాయి.
ఇప్పుడే కళ్ళు తెరిచిన మిషనుకి మనమెవరో తెలియదు.
రాసింది చేస్తుంది.
రాయనిది, లేదు.

ఒంటిగంటా నలభైకి కరెంటు పోయింది.
జనరేటరు అందుకునేలోపు చీకట్లో
ఆ రెండు అంకెలూ కళ్ళముందు నిలబడ్డాయి.
గేటులో ఆరు.
కాటాలో సున్నా యాభై.
గేటు దాటకముందే లారీని తూచారు!
ఐదున్నర గంటలూ ఓ ఇరవై నిమిషాలూ.
ఇరవై నిమిషాలు క్యూ, అది నిజమే.
ఐదున్నర గంటలు నావి.

రెండు మిషన్లకి మన టైము రాశాను.
మూడోదానికి రాయలేదు.
అది పుట్టినచోటి గడియారం పట్టుకునే
గుంటూరు మిర్చి తూస్తోంది.
ఇన్ని రాత్రులు దాన్ని కాదు, పట్టీ మిషన్ని తిట్టాను.
లెక్క కుదరట్లేదని నిజం చెప్పింది
అదొక్కటే.

ఒక్క లైను. మూడింటినీ కూల్చి మొదటినుంచి కట్టాను.
గేటు, కాటా, పట్టీ.
ఏడుకొండలుకి డబ్బు పడింది.
ఇంకోసారి నడిపాను: మార్పులు సున్నా.
ఆయన ఆ కాగితం జేబులో పెట్టుకునేలోపే
మిషన్లు కూల్చేశాను.
పరీక్ష అయ్యాక ఉంచుకోకూడదు, అది పద్ధతి.
అయినా ఓ నిమిషం ఆగాను.

తెల్లారి యార్డుకి వెళ్ళేసరికి
సోమవారం లారీలు చుట్టుగుంట దాకా నిలబడి ఉన్నాయి.
గాలి పీలిస్తే దగ్గు.
బాజీ ఖాళీ కాటా ముందు నిలబడ్డాడు.
నాలుగు వందల గ్రాములు చూపిస్తోంది,
రాత్రి మంచు, నిన్నటి గింజలు.
భుజమ్మీది తువ్వాలు తీసి తుడిచాడు.
సున్నా.
నా వైపు చూసి, మళ్ళీ తుడిచాడు.
సున్నానే.