ఏడాదీ ఏడు రోజులు

హల్ రేవులో, హెజిల్ రోడ్డు మలుపులో
మూడు ఇత్తడి గుండ్లు వేలాడే తలుపు మాది.
నాన్నది తాకట్టు కొట్టు.
చేపల కంపూ కలరా ఉండల వాసనా కలిసిన గదిలో
లెక్కల పుస్తకం రాసే పని నాది.
చేతిరాత బాగుందని బడి మాన్పించారు.

సోమవారం పొద్దున్నే సూట్లు వచ్చేవి,
ఆదివారం ప్రార్థనకి తొడిగినవి, ఇంకా ఒంటివేడి ఆరనివి.
శనివారం సాయంత్రం విడిపించుకుపోయేవారు.
పోస్కిట్ గారి సూటు
ఆయన ఒంటిమీద కన్నా మా బీరువాలోనే ఎక్కువ రోజులుంది.

ప్రతి వస్తువుకీ చీటీ, ప్రతి చీటీ మీదా ఒకటే మాట:
ప్లెడ్జ్.
సముద్రపు బూట్లు ప్లెడ్జ్. కుంపటి పట్టకారు ప్లెడ్జ్.
ఎవరి తాతవో, పళ్ళసెట్టు కూడా ప్లెడ్జే.

ఒక బడిపంతులు కుదువ పెట్టి మళ్ళీ రాని నిఘంటువుంది.
బేరాల్లేని మధ్యాహ్నం ఆ మాట వెతికాను.
తాకట్టు. అది తెలిసిందే.
కిందికి దిగితే బాస, ప్రతిన, పూచీ, హామీ.
ఇంకా కిందికి, చీమల్లాంటి అక్షరాల్లో,
ప్రేమకు గుర్తుగా పుట్టిన బిడ్డ.
ఆ పక్కన, ఒకరి క్షేమం కోరి గ్లాసెత్తి తాగడం.
దాని పక్కనే, ఇక తాగనని సంతకం పెట్టడం.
నవ్వొచ్చింది,
తాగేవాడూ మానేసినవాడూ ఒకే దుప్పటి కింద!

హామీ టై కట్టుకుని వస్తుంది.
పూచీకి పక్కవాడి అప్పుకి చెమటలు పడతాయి.
బాస చీకట్లో చెప్పుకునేది, తెల్లారితే సాక్షి ఉండడు.
ఒట్టుకి ఎవరిదో తల కావాలి,
అందుకేనేమో తీసి గట్టున పెట్టడం కూడా సులువు.
ఇక మాట.
ఇస్తారు. ఇచ్చాక అది ఎవరి దగ్గరుంటుంది?
ఇచ్చినవాడే నిలబెట్టాలి, ఇచ్చినవాడే తప్పాలి.
పుచ్చుకున్నవాళ్ళ చేతిలో చీటీ ముక్కైనా ఉండదు.

ఫిబ్రవరిలో ఎఫీ స్టాథర్స్ వచ్చింది.
ఉంగరం అప్పటికే మా దగ్గరుంది, గడియారమూ.
ఈసారి శాలువా కింద నుంచి పటం తీసింది.
నల్ల చెక్క చట్రం, గాజు, లోపల చాపెల్ వాళ్ళ కార్డు,
చుట్టూ ద్రాక్షతీగ అచ్చు (ఏ అచ్చుపనివాడి తెలివో!)
"దేవుడి తోడు, మత్తు ముట్టను."
కింద జాబెజ్ స్టాథర్స్,
పేరులో మొదటి అక్షరం తిరగబడి.

"నిలబెట్టుకున్నాడా?" నాన్న అడక్కూడదు, అడిగాడు.
"పద్నాలుగు నెలలు," అంది.
"ఐస్‌లాండ్ వైపెళ్ళిన పడవ రానీ, మిగతాది చెబుతా."

చట్రానికి తొమ్మిది పెన్నీలు.
కాగితానికి ఏమీ రాదమ్మా, అన్నాడు నాన్న.
నేను రాశాను: చట్రం ఒకటి, గాజుతో. నంబరు నాలుగువందల పదిహేడు.
ప్లెడ్జ్ లోపల ఇంకో ప్లెడ్జ్ ఉందని
రాయడానికి గడి లేదు.

పడవ రాలేదు.

మాటలు నీళ్ళమూటలంటారు.
నీళ్ళలో ఉన్న మనిషి మాట
మా బీరువాలో పొడిగా ఉంది.

చట్టం ఏడాదీ ఏడు రోజులు ఆగమంటుంది. ఆగాం.
ఆపైన పదకొండు రోజులు లెక్క మర్చిపోయాను.
నాన్న పుస్తకం చూసి, నా మొహం చూసి,
పటాన్ని తనే కిటికీలో పెట్టాడు.

కుక్క ఫొటోకి చట్రం వెతుక్కుంటూ ఒకాయన వచ్చాడు.
అక్కడే వెనక మేకులు ఊడదీసి, కార్డు లాగి,
"ఇది నాకక్కర్లేదు," అని బల్లమీద పడేసి వెళ్ళాడు.

అమ్మింది కాదు, విడిపించింది కాదు,
ఏ వరసలో రాయాలి?
ఆ సాయంత్రం కోటు లోపల పెట్టుకుని
చేపల గోదాం వెనక సందులోకి నడిచాను.

ఎఫీ తలుపు తీసింది.
ఆమె వెనక ముగ్గురు తొంగిచూశారు,
నిఘంటువు చీమల అక్షరాల్లో రాసినవాళ్ళు.

కార్డు అందుకుని దీపం వైపు తిప్పి
తిరగబడ్డ అక్షరం మీద బొటనవేలు ఆనించింది.
"చీటీ ఎక్కడో పోయింది, అమ్మాయ్," అంది.
"ఎంతివ్వాలి?"