వాలుగ దవడ

పొందూరులో మా సేతులకి
సేప పళ్లుంటాయి.
వాలుగ సేప దవడ, పుల్లకి కట్టినది.
దాంతో కొండపత్తిని దువ్వుతాం.
గింజకాడ అంటుకున్న సెత్త, ఆకుముక్క, పురుగు కొట్టిన నూగు
ఆ సన్నపళ్లకి సిక్కి వొచ్చీస్తాది.
ముప్పయ్యారేళ్లు దువ్వినాను.
సచ్చిపోయిన సేప ఇంకా నవుల్తానే ఉన్నట్టు
కిర్‌కిర్‌మని సప్పుడు.

నా పళ్లే నిలవనేదు.
కుడేపు దవడపన్ను శాన్నాళ్ల కిందట పీకించీసినాను.
గుంట ఒట్టిగా ఒగ్గీసినారు.
ఏడు తిరక్కముందే అక్కడి బొమిక కుంగిపోనాది,
వానకి మడిగట్టు జారినట్టు.
బుగ్గ లోపలికెళ్లింది.
"ఆ పక్కనుంచి సూత్తే అచ్చం మీయమ్మవే"
అంటాది దాలమ్మ.
మాయమ్మ పోయినప్పుడు ఇప్పటి నాకంటే సిన్నదే.

ఇప్పుడు ఎడమేపు. నిలువునా పగిలిపోనాది.
సిలకపాలెం మీదుగా బస్సెక్కి సీకాకుళం ఎల్లినాను.

డాక్టరు ఆడగుంట. పేరు జోసన.
మాకాడ ఆడపిల్లనీ గుంటే అంటాం,
గొయ్యినీ గుంటే అంటాం.
గుంట నా గుంటలోకి లైటేసి సూసి
"పీకినాక దీన్ని ఒట్టిగా ఒగ్గకూడదమ్మా" అంది.
సిన్న సీసా సూపింది.
లోపల తెల్లటి రవ్వ, ఉప్మాకి పోసీలాంటిది.
"బొమిక రవ్వ. పందిరి మీద ఆనపపాదులాగ
నీ బొమిక దీని మీదికి పాకుతాది."
"ఏ జీవిదమ్మా?"
దాటీయనేదు. "ఆవుది" అంది.
"కాల్చి, కడిగి, పేణం ఆనవాలు లేకుండా సేసినది."
నా సెయ్యి కుర్సీని గట్టిగా పట్టుకుంది.
మరప్పుడు సేప గుర్తొచ్చింది.
దాన్నీ ఎప్పుడూ అడగనేదు,
నీ దవడ ఇత్తావా అని.

రేటు సెప్పింది. నా మూడు నెల్ల నూలు.
ఇద్దరం ఊరుకున్నాం.

సీసా మూత తియ్యకుండానే బీరువాలో పెట్టీసి
"ఇంకోటుంది, నీ రగతమే" అంది.
మోసేతికాడ సూది పెట్టి రెండు గొట్టాలు నింపింది,
మూతున్న డబ్బాలో ఏసి తిప్పింది.
గిర్రుమని తిరిగింది.
నాకా సప్పుడు తెలుసు.
నూనె తగ్గితే నా రాట్నం అలాగే మూలుగుతాది.
మూత తీస్తే
ఎరుపు కిందకి దిగిపోనాది, నీళ్లు పైకి తేలినాయి,
నడిమిన పసుపు ముద్ద, జున్ను తుంపులాగ.
పట్టకారుతో ఎత్తింది. సాగింది. తెగనేదు.
"ఇదంతా దారాలేనమ్మా, కంటికి ఆనవు గాని."

కంటికి ఆనని దారం నాకు కొత్తేటి?
నూరో నెంబరు నూలు వడికిన దాన్ని.
నా నెత్తుట్లో ఏకు ఉందని మాత్రం
ఇన్నేళ్లూ ఎవులూ సెప్పనేదు.

పన్ను పీకి, దాన్ని గుంటలో ఒత్తి
రెండు కుట్లేసింది.
నాకు కనబడనేదు గాని
ముడికాడ దారం జారిన తీరుని బట్టి
సెయ్యి మంచిదే అనుకున్నాను.

"పుక్కిలించకు. నాలిక అటు పెట్టకు."
నాలిక మాట ఇంటాదా.
పదిరోజులు పత్తి ముట్టనేదు, నూగు నోట్లోకెళ్తాదని.
దాలమ్మ నా వాటా కూడా దువ్వింది,
గోడ మీద బొగ్గుతో లెక్క రాసుకుంది.

నాలుగో నెల ఫోటో తీసినారు.
కుడేపు నల్లటి పల్లం.
ఎడమేపు గుంట నిండా మబ్బు,
ఏకి పెట్టిన పత్తి, ఇంకా నూలు కానిది.
"గట్టు నిలబడింది. కొంచెం తగ్గిందిలే" అంది గుంట.
ఉన్నమాటే సెప్పింది.

సంచిలోంచి పాత వాలుగ దవడ తీసి
ఆ పిల్ల సేతిలో పెట్టినాను.
నడిమిన పళ్లు రాలి నున్నగా అయిపోనాది.
శానాసేపు ఏలితో ఆ సోటు తడిమింది,
"దీనికీ..." అని నవ్వీసింది.

ఇప్పుడది అద్దాల బీరువాలో
సుద్ద దవడల నడిమిన ఉంది,
కుర్సీలో నోరు తెరిసి కూసున్నోళ్లకి
సరీగా ఎదురుగా.