పడటం మీద పరిశోధన

విల్యండిలో ఫిబ్రవరి.
పొద్దున తొమ్మిదైనా కిటికీ మీద వెలుగు పడదు.
రిహార్సల్ గది నేలలో నాలుగు ఇనప పలకలు,
వాటి కింద బరువు లెక్కగట్టే తీగలు.
ఈ ఏడాది నాటక విద్యార్థులు ఇరవై ఆరుగురు,
ఒక్కొక్కరూ నలభైసార్లు పడాలి.

మెర్లె పరిశోధన దాని మీదే:
నటులకి పడటం ఎలా నేర్పుతారు.
కత్తిపోటుకి పడటం, మూర్ఛొచ్చి పడటం,
మెట్ల మీంచి, కుర్చీలోంచి,
ఉత్తరం చదివి ఉన్నచోటే కుప్పగా పడటం.
ముందు మడమ మెత్తబడాలి, తర్వాత పిక్క,
తొడ పక్కభాగం, ఆఖర్న భుజం.
అరచెయ్యి మాత్రం ఎప్పుడూ ఆనకూడదు.
"చెయ్యి ఆనించావా,
నీకింకా బతకాలనుందని వెనక వరసవాడికి కూడా తెలిసిపోతుంది"
అంటాడు హెల్దుర్.

హెల్దుర్‌కి డెబ్బై మూడు.
నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో పడటం నేర్పేది ఆయనే.
పలక మీద ఆయన పడితే
కంప్యూటర్లో గీత పైకి లేవదు,
మంచం మీంచి దుప్పటి జారినట్టు చిన్న అల.
తావెట్ అనే కుర్రాడు పడితే
గడ్డపార పాతినట్టు నిట్టనిలువు గీత.
తేడా ఏమిటని అడిగింది మెర్లె.
"వాడు నేలంటే భయపడుతున్నాడు.
నేను అలవాటుపడ్డాను."
ఆ మాట ఏ గడిలో రాయాలో తెలీక
'ఇతరములు'లో రాసుకుంది.

ఒక మంగళవారం సాయంత్రం బస్‌స్టాప్ దగ్గర
పగలు కాస్త కరిగి మళ్ళీ గట్టిపడ్డ మంచు మీద
హెల్దుర్ పడ్డాడు.
ఆమె రెండడుగుల వెనక ఉంది.
మడమ, పిక్క, తొడ, భుజం.
టోపీ కూడా ఊడలేదు.
సంచిలో రొట్టె, గుడ్లు; ఒక్క గుడ్డూ పగల్లేదు.
వెయ్యికి పైగా పడటాలు చూసిన మనిషి,
చప్పట్లు కొట్టబోయింది,
సిగ్గుపడి చేతులు జేబుల్లో పెట్టుకుంది.

ఆయన లేవలేదు.

"దెబ్బ తగిలిందా?"
"లేదు."
"మరి?"
"ఇక్కడ లైటు ఆరాలి" అన్నాడు ఆకాశం వైపు చూస్తూ.
"ఎప్పుడూ నేను పడగానే లైటు ఆరుతుంది,
లేకపోతే తెర పడుతుంది.
చీకట్లో ఎలా లేచేవాణ్ణో, మెర్లె,
నాకే గుర్తు లేదు.
పిల్లలకీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు."

వీధిదీపం ఆరలేదు.
బస్సొచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది.
డ్రైవరమ్మ ఇంజను ఆపేసి
తొందరేం లేదన్నట్టు ఫ్లాస్కు మూత తిప్పుకుంటోంది.
మెర్లె చెయ్యి అందించింది, ఆయన తీసుకోలేదు.
పక్కకి ఒత్తిగిలి,
కుడి చేతి తొడుగు పళ్ళతో లాగేసి,
అరచెయ్యి మంచు మీద ఆనించాడు.

తర్వాత మోకాలు. తర్వాత రెండోది.
చాలాసేపు ఆ భంగిమలోనే.
తర్వాత నిలబడ్డాడు.

(ఈ మాట వాళ్ళ భాషలో ఎలా ఉంటుందో నాకు తెలీదు.
మనకైతే నిలబడటంలోనూ ఒక పడటం ఉంది,
చిన్నప్పట్నుంచీ అంటూనే ఉన్నాను,
ఇవాళే కనపడింది.)

రాత్రి ల్యాబులో ఒక్కతే కూచుని
పాత రికార్డింగులన్నీ తిరగేసింది.
శరీరం నేలకి తాకిన అరసెకనుకి
కొలత ఆగిపోవాలని మొదట్లో తనే పెట్టుకుంది.
వెయ్యిన్నీ నలభై పడటాలు.
ఒక్కరూ లేవలేదు.
తావెట్ ఇంకా ఆ పలక మీదే పడున్నాడు,
గడ్డపారలాంటి గీత కింద.

పొద్దున హెల్దుర్ మామూలుగానే వచ్చాడు,
అరచేతికి బ్యాండేజీ.
ఎవరూ ఏమీ అడక్కముందే
పిల్లలందర్నీ పలకల చుట్టూ నేల మీద పడుకోబెట్టి
"లైట్లు ఆర్పొద్దు" అన్నాడు.

మెర్లె కొత్త గడి గీసింది.
దానికి పేరేం పెట్టాలో తోచక
పెన్ను మూత కొరుకుతూ
ముందుగా నేలని తాకే చెయ్యి కోసం చూస్తోంది.