తేమ శాతం

ఫిబ్రవరి. సాస్కటూన్‌లో మైనస్ ముప్పై ఒకటి.
నది ఎంత గట్టిగా గడ్డకట్టిందంటే
ఓ నక్క తీరిగ్గా నడిచి దాటుతోంది,
ఈ ఒడ్డు నచ్చనట్టు.

నేల శాస్త్ర విభాగం, మూడో అంతస్తు.
నా పేరు మార్లిస్ డెర్కాచ్.
పదిహేడేళ్లుగా ఉత్తరాలు పంపేది నేనే.
"చింతిస్తున్నాము" అన్న మాట
కళ్లు మూసుకున్నా నా వేళ్లకు వచ్చేస్తుంది.

ఈ ఏడు రెండొందల పన్నెండు దరఖాస్తులు.
సీట్లు ఆరు.
బల్ల చుట్టూ నలుగురు ప్రొఫెసర్లు,
ఒక డబ్బా డోనట్లు,
మూలుగుతూ ఉండే హీటరు.

బయటివాళ్లు అనుకుంటారు,
లోపల ఎవరో చేట పట్టుకుని
తాలు వేరు, గింజ వేరు చెరుగుతున్నారని.
కొంత నిజమే.
ఒకతను మాకు రాస్తూ
మానిటోబా మీద ప్రేమ ఒలకబోశాడు.
ఒకామెకు ఆమె గురువు రాసిన సిఫారసు మూడంటే మూడు వాక్యాలు.
అందులో ఒకటి, ఆమె టైముకి వచ్చేదని.
ఆ అమ్మాయికి ఇది ఎప్పటికీ తెలియదు.
ఆయనకు ఇంకో పండక్కి కూడా
గ్రీటింగ్ కార్డు పంపుతుంది.

కానీ మధ్యాహ్నానికి తాలంతా ఎగిరిపోతుంది.
మిగిలిందంతా గింజే.
గోనె మాత్రం అదే, ఆరు కుంచాలది.

అప్పుడు మొదలవుతాయి
ఏ ఉత్తరంలోనూ రాయని సంగతులు.
ఓగిల్వీ గ్రాంటు ఈసారి రాలేదు.
నస్రీన్ దగ్గర నైట్రోజన్ మీద ఇప్పటికే ఇద్దరున్నారు,
మూడో కుర్చీ వేయడానికి ల్యాబులో చోటు లేదు.
మూడున్నరకి హాల్వర్సన్ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ
"జూన్‌లో రిటైరవుతున్నాను,
మా ఆవిడకి కూడా ఇంకా చెప్పలేదు" అన్నాడు.

ఉప్పు నేలల మీద రాసిన ఫైలొకటి
ఔను కుప్పలోంచి కాదు కుప్పలోకి పోయింది.
ఎవరూ విసిరేయలేదు దాన్ని.
నేనే, రెండు చేతులతో, జరిపాను.

కోర్విన్ పెల్టియర్.
వేబర్న్ దగ్గర ధాన్యం ఎలివేటర్‌లో పని.
పక్క పొలంలో ఉప్పు తేలిన తెల్లమచ్చ
ఏటా ఎంత పాకిందో
పదకొండేళ్లు అడుగులేసి కొలిచినవాడు.

గురువారం ఫోన్ చేశాడు.
కోపంగా లేడు. అదే కష్టం.
"మేడమ్, మా దగ్గర లారీ గోధుమలు వెనక్కి పంపితే
చీటీ రాసిస్తాం,
తేమ పదిహేడు శాతం అని.
రైతు తిట్టుకుంటాడు. తిట్టుకుంటూనే
ఇంటికెళ్లి ఆరబెట్టుకుంటాడు.
నా చీటీ ఏది?
నన్ను నేను ఎంత ఆరబెట్టుకోవాలి?"

నా ముందు తెర మీద నిబంధన ఉంది,
కారణాలు చెప్పరాదని.
అది రాసినవాళ్లు చెడ్డవాళ్లేం కారు.
ఒక్క "ఎందుకు"కి జవాబిస్తే
పది "అయితే మరి"లు పిల్లలు పెడతాయని
వాళ్లకు తెలుసు.

నేనూ ఒకప్పుడు అడిగినదాన్నే.
తొంభై నాలుగులో, హాలిఫాక్స్‌కి,
సముద్రపు నాచు చదువుతానని.
జవాబు రాలేదు.
రాని జవాబును నేనే రాసుకున్నాను:
తెలివి చాలదు,
మాట మోటు,
ఇంట్లో అలమారా నిండా పచ్చళ్ల సీసాలే తప్ప పుస్తకాల్లేవు.
ముప్పై ఏళ్లు అదే నా తేమ శాతం,
ఎవరూ కొలవకుండానే.

ఏమో, అక్కడా ఓ హాల్వర్సన్
కళ్లజోడు తుడుచుకున్నాడేమో.

లేచి తలుపు వేసి వచ్చాను.
"కోర్విన్, మీ గోధుమలు పొడిగానే ఉన్నాయి.
ఆ రకం పోసే గది మూసేశారు ఇక్కడ.
ఇంతకన్నా చెప్పకూడదు.
ఇది కూడా చెప్పకూడదు."

అటువైపు చాలాసేపు
ఏదో బెల్టు తిరుగుతున్న చప్పుడు.
"ఎన్నింటిదాకా ఉన్నాను, బల్ల మీద?"
"మూడున్నర దాకా."
"మూడున్నర," అన్నాడు,
ఎక్కడో రాసుకుంటున్నట్టు.

ఇంకా నూట నలభై ఉత్తరాలున్నాయి.
"చింతిస్తున్నాము" దగ్గర
వేళ్లు ఆగాయి, కాసేపే.
తర్వాత టైపు చేశాను.
నాకు జీతం దానికే.

కిటికీలోంచి చూస్తే
నక్క అడుగులు మాత్రం ఉన్నాయి,
సగం నది దాకా వెళ్లి
అక్కడ కాస్త చిందరవందరగా తిరిగి
మళ్లీ సాగాయి.