తలకిందుల ముద్ర

ఏప్రిల్‌లో బడి నుంచి వచ్చిన కాగితం
ఫ్రిజ్ తలుపు మీద ఇంకా వేలాడుతూనే ఉంది.
రెండో తరగతికి రోజూ అరగంట ఇంటిపని.
తల్లిదండ్రులు టీవీ కట్టెయ్యాలి.
పిల్ల పైకి చదువుతుంటే పక్కన కూచుని వినాలి.
తప్పు దొర్లితే వెంటనే అందుకోకూడదు,
ముందు మెచ్చుకోవాలి.
విన్నాక, విన్నట్టు కార్డు మీద ముద్ర వెయ్యాలి.

లెక్కలు మిచియొ తీసుకుంది.
అక్షరాల చూచిరాతా తనదే, ఒక్కోటీ పదేసి సార్లు,
గీత పొట్టిదైతే చెరిపించి మళ్ళీ.
"చదివించడం నీ వంతు,
చెవులుంటే చాలు" అంది నాతో.

నా చెవుల సంగతి తనకి తెలియనిదా!
కురొయిషిలో డిసెంబరు మొదలు మార్చి దాకా
రాత్రి ఒంటిగంటకి మంచు తోసే బండి ఎక్కేవాణ్ణి.
సాయంత్రం ఆరున్నరంటే నా ఒంటికి అర్ధరాత్రి.
దుప్పటి కప్పిన కుంపటి బల్ల కింద
కాళ్ళు పెట్టానా, ఇక నేను లేను.

జనవరి అంతా నీరుపిల్లి పాఠమే.
నీరుపిల్లి ఊళ్ళోకొచ్చి గొడుగు అరువడుగుతుంది.
నీళ్ళలో పుట్టినదానికి గొడుగెందుకని
మొదటి రోజే అడిగాను.
"నాన్నా, ప్రశ్నలు పేజీ చివర్లో ఉంటాయి,
మధ్యలో అడగకూడదు" అంది ఇబుకి.

మా రాతలో వాక్యం చివర చుక్క ఉండదు,
చిన్న సున్న ఉంటుంది.
సున్న దగ్గర ఊపిరి తీసుకోమన్నారట టీచరు.
అందుకని అక్కడ బుద్ధిగా ఆగుతుంది మా అమ్మాయి.
నాకు ఆ ఆగడమే జోల.
గొడుగు దొరికింది, సున్న.
వాన మొదలైంది, సున్న.
నీరుపిల్లి వంతెన ఎక్కింది,

అంతే. ఆ వంతెన అవతల ఏముందో
పధ్నాలుగు రాత్రులు నేను చూడలేదు.

కార్డు మీద మాత్రం పధ్నాలుగు ముద్రలు.
సొరుగులోంచి నా ముద్ర తీసి
సిరా అద్ది, నాన్నని లేపకుండా,
మూడు సార్లూ చదవడం పూర్తయ్యాకే
తనే వేసుకుంది. దొంగతనమని ఎలా అనను?
మికామి అన్న మా ఇంటిపేరు
తొమ్మిది చోట్ల తలకిందులుగా పడింది.

తొయామ టీచరు ఎర్ర సిరాతో కింద రాశారు:
"మికామి గారూ, మా వీధి శుభ్రంగా ఉంది. ధన్యవాదాలు."
ముద్ర ఊసే లేదు.
చెంపదెబ్బ ఇంతకన్నా మెత్తగా ఉంటుందని నేననుకోను.

అసలు మమ్మల్ని మెచ్చుకునేదెవరు?
గుమ్మం ముందు గడ్డలు వదిలేశారని
తెల్లారకుండానే ఆఫీసుకి ఫోన్లు.
ఆ రాత్రి మూడింటికి, నది దగ్గర,
వంతెన మీద మంచు తోస్తుంటే
బండిలో ఒక్కణ్ణే పైకి అనుకున్నాను:
నీరుపిల్లి వంతెన ఎక్కింది.
తర్వాత? తర్వాత నాకు రాదు.
ఎనిమిదేళ్ళ పిల్లకొచ్చిన పాఠం నాకు రాదు.

ఏడున్నరకి ఇంటికొచ్చేసరికి
ఇబుకి బూట్లు తొడుక్కుంటోంది.
"వంతెన దాటాక ఏమవుతుంది?"
"ఆ పాఠం నిన్నటితో అయిపోయింది నాన్నా.
ఇవాళ్టి నుంచి మబ్బులు."
"అయినా చెప్పు."

పిల్లలంతా కలిసే మలుపు దాకా
నేను తోసిన గట్ల మధ్య నడుస్తూ చెప్పింది, చూడకుండా,
సున్నలున్న చోటల్లా నోటి ముందు
తెల్లగా ఆవిరి.
వంతెన అవతల వాన లేదట.
గొడుగు ముడిచి వెనక్కి నడిచిందట, ఇచ్చెయ్యడానికి.
"అంతేనా?"
"అంతే. అక్కడేం పెద్దగా జరగదు,
నువ్వేం పోగొట్టుకోలేదు" అంది
నా చెయ్యి వదిలి గుంపులోకి దూరిపోతూ.

సాయంత్రం మబ్బుల పాఠం తీసింది.
నిద్ర రాకుండా ఇవాళ నిలబడి వింటానన్నాను.
పక్కన కూచునే వినాలట,
కాగితంలో అలాగే ఉందట.

కూచున్నాను.