కొట్టివేత

వరద తీసి వారం.
రాజోలు రోడ్ల మీద ఒండ్రు ఎండి దుమ్మై లేస్తోంది.
కీబోర్డు సందులు అగ్గిపుల్లతో గీకుతున్నాను.
గడపలో నిలబడి ఒకాయన
"నా ఫ్లెక్సీ ఏసింది ఇక్కడేనా అమ్మాయిగారూ" అన్నాడు.

తలెత్తాను.
ఆ మొహం నాకు కంఠతా వచ్చు.
పెళ్లి గుంపు ఫొటోలోంచి
రెండు గంటలు కూర్చుని కత్తిరించినదాన్ని.
భుజమ్మీద ఎవరిదో చెయ్యి ఉంటే చెరిపేశాను,
ఆ తొందరలో చెవి కొంచెం తెగింది.
వెనక మబ్బులు పెట్టాను, రెండు పావురాలు, ఒక దీపం.
కన్నీటి నివాళి.
కీ.శే. కొపనాతి లోవరాజు.
ఆరు బై నాలుగు.

ముందు చెవి వంకే చూశాను.
నిండుగానే ఉంది.

పడవ బోల్తాపడ్డాక తాటిదుంగ ఒకటి దొరికిందట.
అంతర్వేది వైపు ఎవరో వలేసి లాగారట.
"నర్సాపురం ఆసుపత్రిలో ఆరు రోజులు
నా పేరు నాకే తెలీదండి, ఆయ్."
పక్కింటివాడి సంగతి చెప్పినట్టు చెప్పి
"ఆ బొమ్మ మిషన్లోంచి తీసెయ్యండి" అన్నాడు.

డిలీట్ కొట్టాను.
"ఏదీ? ఎక్కడికెళ్లింది?"
తెర మూల బుట్ట చూపించాను.
"అందులోంచి మళ్లీ వస్తదా?"
వస్తుందండి, రెండు నొక్కులు.
బుట్టలోకి తొంగిచూశాడు,
మావులో రొయ్య పడిందేమో చూసినట్టు.
"వద్దండి. బుట్టలో పడకుండా పోయే దారి చెప్పండి."

బొమ్మని వెనక్కి తెచ్చాను.
షిఫ్ట్ మీద ఆయన చిటికెనవేలు నేనే పెట్టాను.
వల తాడు కోసిన గీతలు, గోరు కింద ఇంకా ఒండ్రు.
రెండో చేత్తో డిలీట్.
శాశ్వతంగా తొలగించాలా? అని అడిగింది.
నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు.
"ఎంత మర్యాదగా అడుగుతుందండీ" అన్నాడు.
అవును మీద నొక్కాడు.

ఖాళీ పడిన చోటికి
పక్క బొమ్మ జరిగి వచ్చింది.
అవే మబ్బులు, అవే పావురాలు.
కీ.శే. మైలా చిట్టిరాజు.

ఫ్యాను తిరుగుతోంది.
"మా బావమరిది" అన్నాడు. "ఆడిదే పెళ్లి, ఆ ఫొటో.
నా భుజమ్మీద చెయ్యేసుకుని నించున్నాడు."

నేను మౌస్ వదిలేశాను.

"ఇది ఉండనివ్వండి. గుంపు ఫొటో కూడాను."
ఉంటుందండి, అన్నాను.
నా గొంతు నాకే వినబడలేదు.

బాకీ మూడొందల యాభై ఉందట, ఆయనే గుర్తుచేశాడు.
వద్దన్నా వినలేదు.
తడిసి ఎండి అప్పడాల్లా బిగుసుకున్న నోట్లు.
రసీదు రాస్తూ, అలవాటు చెయ్యి,
పేరుకి ముందు కీ.శే. పెట్టేశాను.
కాగితానికి షిఫ్ట్ లేదు.
రెండు గీతలు కొట్టాను. కింద కనబడుతూనే ఉంది.

చూసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.
మెట్టు దిగుతూ వెనక్కి తిరిగాడు:
"ఫ్లెక్సీ గట్టిదేసేరండి.
మేకల పాక మీద కప్పాం.
చుక్క కారట్లేదు."