ఇరవై ఎనిమిది పౌన్లు

టక్.
మూడు సెకన్లు. మళ్లీ టక్.
పళ్లు తోముకున్నా టక్, కుక్క గిన్నె కడిగినా టక్.
నేలమాళిగలో ఆ చిన్న స్విచ్చి
వారం రోజులుగా కునుకు తీయలేదు,
నన్ను తీయనివ్వలేదు.

ట్యాంకును వేలి కణుపులతో కొట్టి చూశాను,
పుచ్చకాయ బేరమాడేవాడిలా.
పైన ఖంగుమనాలి, కింద దబ్బుమనాలి.
నెత్తి నుంచి పాదం దాకా ఒకటే దబ్బు.
సైకిల్ ట్యూబుకుండే లాంటి వాల్వును గోటితో నొక్కితే
గాలికి బదులు నీళ్లు చిమ్మాయి నా కళ్లద్దాల మీద.
లోపలి రబ్బరు సంచి చిరిగిపోయిందన్నమాట.
ఇరవై రెండేళ్లు మోసింది.
దాన్ని తప్పుపట్టలేను.

బ్యారీ టౌన్లో హార్డ్‌వేర్ షాపువాడు బిల్లు రాస్తూ అడిగాడు:
"ఎంతమంది వాడతారు, మెరిట్?"
నీళ్లు నమిలాను.
ఇంట్లో ఒక్కణ్ణే.
బావికి మాత్రం ముగ్గురం.

మూడు వందల పది అడుగుల బోరు.
నా మాళిగలోంచి పెరటి కింద ఒక గొట్టం
అన్న ఆన్సెల్ వంటింటికి పోతుంది.
పదకొండు మేపుల్ చెట్ల గురించి
ఆరేళ్లుగా ఎడమొహం పెడమొహం మాకు.
లాయర్లు చెట్లను లెక్కపెట్టారు, కంచె గీశారు,
గొట్టం సంగతి ఎవరికీ తట్టలేదు.

చెప్పకుండా కరెంటు తీసేద్దామా అనుకున్నాను.
తలకు సబ్బుతో నిలబడితే నిలబడనీ.
నిజంగానే అనుకున్నాను.
కానీ ఆ రోజు శనివారం.
వదిన ఐడెల్లా చిక్కుళ్లు నానబెట్టే రోజు.

ఏప్రిల్ బురద. మోకాలి దాకా వెర్మాంటు.
తలుపు తట్టాను.
"నీళ్లు ఆపుతున్నా. రెండు గంటలు."
అన్న నా బూట్లకేసి చూశాడు. తలుపు మూసేశాడు.

స్విచ్చి తీసి, ట్యాంకు కిందికి వంగానో లేదో
మెట్ల మీద అడుగులు.
చేతిలో నాన్న పైపు రెంచి,
రెండడుగులది, పిడి మీద ఎర్ర రంగు వూడినది.
లాయరు జాబితాలో
'కనబడుట లేదు' అని నేను రాయించినది.

దాని గురించి నేనడగలేదు. తను చెప్పలేదు.
"పట్టుకో."
"ఇటు."
"ఊఁ, వస్తోంది."
తుప్పు పట్టిన మర ఒక్కసారి కీచుమని లొంగింది.

చిరిగిన ట్యాంకు నీళ్లు వదలదు. డ్రిల్లుతో పొడిచాం.
ఉప్పెన కాదు, తుప్పు రంగు టీలాంటిది, అరగంట కారింది.
తర్వాత పదమూడు మెట్లు.
ఇలాంటివి మోసేటప్పుడు బరువంతా కింది మెట్టువాడిదే.
ఎవరు ఎక్కడ అన్న మాటే రాకుండా
అన్న కిందికి వెళ్లాడు.
డెబ్బై ఒకటి అతనికి.

కొత్తది ఫ్యాక్టరీ నుంచి ముప్ఫై ఎనిమిది పౌన్ల గాలితో వచ్చింది.
మా పంపు ముప్ఫై దగ్గర మేలుకుంటుంది.
గాలి దానికి రెండు తక్కువుండాలి,
అదీ నీళ్లు ఎక్కకముందే.
ఎక్కువైతే నీళ్లకు చోటివ్వదు,
తక్కువైతే సంచి సాగి సాగి చిరుగుతుంది.
నేను వాల్వు నొక్కుతున్నాను,
కళ్లద్దాలు ఇంకా మసకగానే ఉన్నాయి,
గేజీ చదివింది తనే:

"ముప్ఫై ఆరు.
ముప్ఫై మూడు.
మెల్లగా.
ముప్ఫై.
ఇరవై ఎనిమిది. చాలు."

ఆరేళ్లలో అన్న నాతో అన్నన్ని మాటలు అనడం అదే.

టెఫ్లాన్ టేపు, మర, ఇంకో పావు చుట్టు.
కరెంటు వేశాను.
ముల్లు లేచింది, నలభై, నలభై ఐదు, యాభై.
టక్.
ఇద్దరం తలలు వంచి విన్నాం.
రెండో టక్ కోసం.
రాలేదు.

అన్న రెంచి తుడుచుకున్నాడు.
ఇక్కడ పెడతాడేమో అనుకున్నాను.
చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

రాత్రి నిద్ర పట్టలేదు, ఇంత నిశ్శబ్దానికి అలవాటు తప్పింది.
లాంతరు పట్టుకుని కిందికి దిగి
గేజీ ముందు బకెట్టు బోర్లించి కూర్చున్నాను.
యాభై.
యాభై.
నలభై ఎనిమిది.
నలభై ఐదు.

నేను ఏ కొళాయీ తిప్పలేదు.